అమరం మీద ఒక్కడు

“చెప్పేస్తావా? ఏమని చెప్పేస్తావురా? ఎవరితో చెప్పేస్తావు?”

ఈప్పచ్చన్ చేతికర్ర వరండా గచ్చు మీద టక్కున మోగింది. మెట్ల కింద కాలవలో ఈదుతున్న బాతులు చెల్లాచెదురయ్యాయి.

వర్కీ కుడి భుజం మీద తెడ్డు ఒరుసుకున్న చోట చర్మం లేచిపోయి మండుతోంది. భార్య ఏలికుట్టి వెనక నిలబడి అక్కడ కొబ్బరినూనె రాస్తోంది. తన తండ్రి కర్ర మోగినప్పుడు ఆమె చెయ్యి ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలింది.

కాలవ మలుపు అవతల కాయలు అనే పెద్ద సరస్సు ఒడ్డున కట్టిన లౌడ్‌స్పీకరు అదే ప్రకటన మళ్ళీ చదువుతోంది. “మణియంచిర పడవ తన దారి విడిచి పక్కకు మళ్ళినందున పోటీ నుంచి తొలగించడమైనది. దాని పెద్ద సరంగు పుష్కరన్‌పై అయిదేళ్ళ నిషేధం విధించడమైనది. పుత్తన్‌తురుత్తు పడవ ఫైనల్‌కు...”

మిగతా మాటలు టపాకాయల మోతలో కలిసిపోయాయి. పుత్తన్‌తురుత్తు ఊరు ఊరంతా ఒక్కసారే పేలింది. పదహారేళ్ళయింది ఈ ఊరి పడవ ఫైనల్ మొహం చూసి.

“విన్నావుగా బావా?” అన్నాడు తొమ్మి. ఏలికుట్టి చిన్నాన్న కొడుకు. పొద్దున పడవ వెనక కొస, అమరం మీద వర్కీ పక్కనే రెండో తెడ్డు పట్టి నిలబడ్డవాడు. “పైవాళ్ళే తేల్చారు. మనమేమన్నా ఫిర్యాదు చేశామా? వాళ్ళ కళ్ళు, వాళ్ళ తీర్పు. మధ్యలో నీకెందుకు?”

“వాళ్ళు చూసింది గెలుపు గీత దగ్గర నుంచి. అక్కణ్ణించి మన అమరం కనబడదు. నువ్వు చూశావు తొమ్మీ.”

“నాకు నీళ్ళ తుంపర్లు తప్ప ఏం కనబళ్ళేదు.”

“మరి ‘ఏం చేస్తున్నావ్ బావా’ అని ఎందుకరిచావు?”

తొమ్మి మీసం కొస కొరుక్కున్నాడు.

పొద్దున జరిగింది రెప్పపాటు పని. గెలుపు గీత దగ్గర పడగానే అమరం మీది సరంగులందరూ చుక్కాని తెడ్లు నీళ్ళలోంచి పైకి లేపేయాలి. అప్పుడే పడవ తేలికై దూసుకుపోతుంది. నలుగురు లేపారు. పెద్ద తెడ్డు పట్టుకున్న వర్కీ లేపలేదు. లేపబోతుంటే పక్క దారిలో, మణియంచిర అమరం మీద, పుష్కరన్ మొహం కనబడింది. నిరుడు కల్లు దుకాణంలో తన ముక్కు విరగ్గొట్టిన పుష్కరన్. ఆ చూపుతోటే తెడ్డు పైకి లేవడం మాని కిందికి దిగింది. తొంభైమంది ఊపు మీదున్న పడవ, ముక్కు తిప్పి, పుష్కరన్ దారిలోకి చొచ్చుకుపోయింది.

పుష్కరన్ గనక తన పడవను పక్కకు విసిరెయ్యకపోతే, ఆ ముక్కు మణియంచిర పడవ నడుములో, తెడ్లు వేస్తున్న మనుషుల మధ్య దిగబడేది. విసిరేశాడు. అతని పడవ సరిహద్దు గుంజకు కొట్టుకుని నీళ్ళు నిండి ఒరిగిపోయింది. వర్కీ పడవ ముక్కు సర్దుకుని గీత దాటింది. అంపైర్ల కంటికి ఆనింది పుష్కరన్ తిప్పిన మలుపొక్కటే.

“వాడు తాగుబోతు వెధవ,” అన్నాడు ఈప్పచ్చన్. “తాగి పడవెక్కాడని ఊరంతా అంటోంది.”

“ఇవాళ తాగలేదు అప్పచ్చా. తాగినవాడు అంత ఒడుపుగా తిప్పలేడు. నిరుడు తాగాడు. వాడి పక్కన కూచుని నేనూ తాగాను.”

“అబ్బో! ధ్యానకేంద్రంలో వారం రోజులు మోకాళ్ళ మీద కూచునొచ్చి నాకు నీతులు చెబుతున్నాడమ్మా అల్లుడు!” ముసలాయన కూతురికేసి చూశాడు. కూతురు చూపు నూనె గిన్నె మీదే ఉంది. “ఒరేయ్ వర్కీ, ప్రభువు కూడా తుఫానులో పడవలో హాయిగా పడుకున్నాడు. నువ్వు కూడా గంజి తాగి కాసేపు పడుకో. లేచేసరికి అంతా సర్దుకుంటుంది.”

“ఆయన లేచాక గాలిని గద్దించాడు అప్పచ్చా. మళ్ళీ పడుకోలేదు.”

తొమ్మి కిసుక్కున నవ్వి, పెదనాన్న చూపు తగిలి నోరు మూసుకున్నాడు.

“శత్రువుని ప్రేమించొద్దని ఎవరన్నారు బావా?” అన్నాడు మెత్తగా. “ప్రేమించు. రేపట్నించి ప్రేమించు. కప్పు తెచ్చుకున్నాక నేనే బుట్టెడు కరిమీను చేపలు వాడింటికి మోసుకెళ్తాను. కాళ్ళు పట్టుకో, కౌగిలించుకో, నీ ఇష్టం. ఇవాళ ఒక్క పూట నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?”

“వాడి అయిదేళ్ళు పోయాయి. వాడి వయసుకి అయిదేళ్ళంటే ఇక అమరం ఎక్కడు.”

“ఎక్కకపోతే పీడా పోయింది!” ఈప్పచ్చన్ లేవబోయి, కుడి మోకాలు సహకరించక కుర్చీ చేతులు పట్టుకున్నాడు. ఆ మోకాలు పోయింది ఈ ఊరు చివరిసారి కప్పు గెలిచిన రోజున. అప్పుడు పెద్ద తెడ్డు ఆయనదే. విరిగిన మోకాలితో గీత దాటించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. “ఇల్లరికం వచ్చి నా ఇంట్లో తాగావు, పడ్డావు, లేచావు. ఊరుకున్నాను. ఇక ముట్టనని చర్చి మెట్ల మీద ఒట్టేశావని నా తెడ్డు తెచ్చి నీ చేతిలో పెట్టాను. నా తెడ్డురా అది! విను. నువ్వు వెళ్ళి ఆ అంపైర్ల మంచె ఎక్కావో, మళ్ళీ నా ఇంటి మెట్లు ఎక్కకు.”

వర్కీ లేచి నిలబడ్డాడు. వంటింట్లోకి వెళ్ళాడు.

వెనకే ఏలికుట్టి వచ్చింది. పొయ్యి మీద గంజి మూత తీసింది. పందెపు పడవవాళ్ళు నోము పట్టిన రోజులివి; మాంసం లేదు, చేప లేదు, చుక్క లేదు. గంజి, పెసర కూర. కంచంలో వడ్డించి పీట వాల్చింది. పొద్దుట్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. తాగొచ్చిన రోజుల్లోనూ ఆమె ఇలాగే పీట వాల్చేది. అది గుర్తొచ్చి వర్కీ పీట మీద కూలబడ్డాడు.

“ఏదో ఒకటి అను ఏలీ.”

“ఏమనమంటారు? తెడ్డు ముందు దిగిందా, మొహం ముందు కనబడిందా?”

పొద్దుట్నుంచి వర్కీ తనను తాను అడగడానికి జంకుతున్న ప్రశ్న అదే. ఆవిడ ఉప్పు అందించినంత తేలిగ్గా అడిగేసింది.

“మొహం ముందు.”

“అయితే చెయ్యి జారింది కాదు.”

“కాదు.”

ఆమె గరిటె పక్కన పెట్టింది. “మీరు తాగుతున్నప్పుడు ఈ కాలవ వెంట నడవాలంటే తల వంచుకునేదాన్ని. ఈ ఓణానికే మొదటిసారి తలెత్తాను. ఇప్పుడు మీరెళ్ళి ఆ మాట చెబితే, మళ్ళీ వంచాలి. అది నాకు తెలియదనుకోకండి.”

“నువ్వు వద్దంటే...”

“అదిగో! ఆ మాటే వద్దు.” ఆమె గొంతు మొదటిసారి లేచింది. “నా కోసం మూడుసార్లు తాగుడు మానేశారు. మూడుసార్లూ మళ్ళీ మొదలుపెట్టారు. నా కోసం చేసిందేదీ మీ దగ్గర నిలవలేదు. ఈ నాలుగోసారి ఎవరి కోసం మానేశారో, వెళ్తే ఆయన కోసం వెళ్ళండి. ఆగితే ఆయన మొహం చూసి ఆగండి. నన్ను మధ్యలో పెట్టకండి. నేను మోయలేను.”

గంజి చల్లారిపోతోంది. గోడ మీద క్రీస్తు పటం ముందు చిన్న ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటోంది. వర్కీ అటు చూశాడు. చూసి, పీట మీంచి లేచాడు.

“గంజైనా తాగి వెళ్ళండి,” అంది ఏలికుట్టి. మామూలు గొంతుతోనే.

నిలబడే ఒక్క గుటకలో తాగేశాడు. పెరటి గుమ్మంలోంచి దూకి, చిన్న దోనె తాడు విప్పాడు.

“బావా! ఒరేయ్ బావా!” తొమ్మి పరుగెత్తుకొచ్చేసరికి దోనె కాలవ మధ్యలో ఉంది.

కాయలు ఒడ్డంతా జనం. కొబ్బరిచెట్ల మీద జనం, ఇళ్ళ కప్పుల మీద జనం, లంగరేసిన ఇంటిపడవల మీద జనం. వర్కీ దోనె కనబడగానే పుత్తన్‌తురుత్తు గట్టు గట్టంతా ఊగిపోయింది. “మన సరంగొచ్చాడోయ్!” ఎవరో ఎర్ర తువ్వాలు విసిరారు. అది వచ్చి అతని మెడలో పడింది. వర్కీ దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నిన్న ఇదే తువ్వాలు పడుంటే తలపాగా చుట్టుకునేవాడు.

రేవులో పడవకు దీవెన చెప్పి వెనుతిరుగుతున్న ఫాదరు ఎదురయ్యాడు. తెల్ల అంగీ అంచు బురదలో తడిసిపోయింది. అరిచి అరిచి గొంతు పోయింది.

“ఏరా వర్కీ! ఫైనల్లో ఒకటో దారి వచ్చింది మనకి, గాలి మనవైపే!”

“ఫాదర్, పొద్దున దారి తప్పింది నా పడవ. పుష్కరన్ది కాదు.”

ఫాదరు నోరు తెరిచాడు. జనంకేసి చూశాడు. చేతిలో ఊపుతున్న ఊరి జెండాకేసి చూసుకున్నాడు. నెమ్మదిగా దాన్ని వీపు వెనక్కి దాచుకున్నాడు, చిన్నపిల్లాడిలా.

“నన్నడగాలని వచ్చావా?” అన్నాడు బొంగురుగా. “ఇవాళ నన్నడక్కురా. నాకూ ఆ కప్పు కావాలి. తీర్పు చెప్పే స్థితిలో లేను.”

“అడగడానికి రాలేదు ఫాదర్. దారివ్వమని.”

ఫాదరు పక్కకు తప్పుకున్నాడు. తప్పుకుంటూ అతని నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు గీశాడు.

అంపైర్ల మంచె కింద మణియంచిర పడవ ఒడ్డుకు లాగి ఉంది. మనుషులు బకెట్లతో నీళ్ళు తోడుతున్నారు. వాళ్ళ మధ్య, నడుముకి తడి పంచె, పుష్కరన్. తోడుతూ తోడుతూ తలెత్తాడు.

“ఏంటి? ముక్కు అతికిందా, మళ్ళీ ఓసారి చూడమంటావా?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

“ఎందుకు చెప్పలేదు వాళ్ళకి? నా పడవ ముక్కు నీ దారిలోకి వచ్చిందని?”

“చెప్పాను. తాగుబోతు మాటెవడు వింటాడు? నీ మాటైతే వింటారు. నువ్విప్పుడు దేవుడి మనిషివి కదా!” పుష్కరన్ బకెట్ నీళ్ళు వర్కీ కాళ్ళ దగ్గరే గుమ్మరించాడు. “పో, పో. నీ జాలి నాకక్కర్లేదు.”

“జాలి కాదు. నీ మీద నాకింకా కోపం తగ్గలేదు. అయినా చెబుతాను,” అని వర్కీ మంచె నిచ్చెన మీద కాలు పెట్టాడు.

బకెట్ చేతిలోనే ఉండిపోయింది పుష్కరన్‌కి.

పైన ముఖ్య అంపైరు గోపాలపిళ్ళ భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్నాడు. వర్కీ చెప్పింది నిలబడి విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అయ్యాక, “పొరపాటున తెడ్డు దిగిందంటావు, అంతేనా?” అన్నాడు. పొరపాటు అన్న మాటను కాస్త ఒత్తి పలికాడు. ఒప్పుకుంటే మందలింపుతో పోతుందని ఆ గొంతులోనే ఉంది.

వర్కీకి ఆ సందు కనబడింది. ఒక్క మాట. అవునంటే చాలు. పుష్కరన్‌కి నిషేధం పోతుంది, తనకు పరువు మిగులుతుంది, మామగారి మెట్లు మిగులుతాయి. ఇంత దూరం వచ్చాక ఇంత చిన్న గుమ్మం తెరుచుకుంటుందని అనుకోలేదు.

“కాదండి,” అన్నాడు. “వాణ్ణి చూసి దింపాను.”

గోపాలపిళ్ళ తువ్వాలుతో చేతులు తుడుచుకుని మైకు దగ్గరికి నడిచాడు.

గట్టు మీద కూతలు, ఈలలు ఆగిపోయాయి. పుష్కరన్ మీద నిషేధం రద్దు. తప్పు పుత్తన్‌తురుత్తు సరంగుది; అతని శిక్ష పోటీలయ్యాక సంఘం తేలుస్తుంది. రెండు పడవలూ ఇప్పుడే, ఇక్కడే మళ్ళీ తలపడాలి. గెలిచినది ఫైనల్‌కు. పొద్దున ఎవరు పెద్ద తెడ్డు పట్టారో వాళ్ళే పట్టాలి. తుపాకీ పేలేసరికి బయల్దేరే గీత మీద లేని పడవ ఓడినట్టే.

అవతలి ఒడ్డున మణియంచిర లేచింది. డప్పులు, కేకలు, పిచ్చి గెంతులు. పుష్కరన్ బకెట్ ఆకాశంలోకి విసిరి పడవ మీదికి దూకాడు. “లేవండ్రా! లేవండి! ఈసారి వాణ్ణి నీళ్ళలోనే ఓడిద్దాం, న్యాయంగా!” అమరం ఎక్కి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. “ఒరేయ్ వర్కీ! ఈసారి తెడ్డు లేపరోయ్!”

ఇవతలి ఒడ్డు మాత్రం శ్మశానంలా ఉంది.

వర్కీ తమ పడవ దగ్గరికి వచ్చేసరికి అందులో కూచున్నవాళ్ళు ఒక్కొక్కరే దిగిపోతున్నారు. ఎవరూ అతని మొహంలోకి చూడలేదు. తెడ్లు పడవలోనే పారేసి ఒడ్డెక్కారు.

“పుణ్యాత్ముడు నీళ్ళ మీద నడిచి వెళ్తాడులే, మనమెందుకు?” అన్నాడొకడు.

“పదహారేళ్ళు! పదహారేళ్ళ ఎదురుచూపు నాశనం చేశావు కదరా!” ఇంకొకడు ఏడుస్తున్నాడు నిజంగానే.

తొమ్మి గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వర్కీ అతనికేసి చూశాడు. తొమ్మి తల పక్కకు తిప్పుకున్నాడు.

వర్కీ ఒక్కడే అమరం ఎక్కాడు. రెండు నిలువుల ఎత్తున ఆకాశంలోకి లేచిన తోక. అక్కణ్ణించి చూస్తే పడవ ఎంత పొడుగో, ఎంత ఖాళీగా ఉందో తెలుస్తుంది. వరసగా ఖాళీ బల్లలు. వాటి మీద పడి ఉన్న తెడ్లు. పెద్ద తెడ్డు అందుకున్నాడు. ఈప్పచ్చన్ అరచేతులు ఏళ్ళ తరబడి రాపాడి నున్నగా చేసిన పిడి అది. ఒలిచిపోయిన భుజం మీద ఆనించగానే ప్రాణం పోయినంత పనైంది.

ఒక్కడు పడవను కదిలించలేడు. అది అతనికి తెలుసు. అయినా దిగబుద్ధి కాలేదు. గీత మీద లేని పడవ ఓడినట్టే అన్నారు. మనుషులు లేని పడవ ఓడినట్టే అనలేదు.

మణియంచిర పడవ డప్పు మోతతో గీతకేసి బయల్దేరింది. మంచె మీద తుపాకీ మనిషి గడియారం చూసుకుంటున్నాడు.

వర్కీ కళ్ళు మూసుకున్నాడు. గెలిపించమని అడగలేదు. ఏమడగాలో తెలియలేదు. వచ్చాను, అన్నాడు లోపల. అంతే అన్నాడు.

అప్పుడు పాదాల కింద అమరం కిందికి దిగింది. కొంచెం. వేలెడు.

సరంగుకి కళ్ళతో పని లేదు. బరువు ఎక్కితే పాదాలకు తెలుస్తుంది. ఎవరో తోక మీద కాలు పెట్టారు. ఒక కాలు బరువుగా, ఒక కాలు తేలిగ్గా. మధ్యలో చెక్క మీద టక్. మళ్ళీ టక్.

వర్కీ కళ్ళు తెరిచాడు.

ఒడ్డున పక్కింటివాళ్ళ దోనెలో ఏలికుట్టి నిలబడి ఉంది, చేతిలో తెడ్డు, చెంపల మీద నీళ్ళ తుంపర్లు. తండ్రిని కాలవలోంచి తనే తెడ్డేసి తీసుకొచ్చింది. ఆమె ఏమీ అనలేదు. తల మాత్రం ఎత్తుకునే ఉంది.

“మెట్లెక్కొద్దన్నాను,” ఈప్పచ్చన్ రొప్పుతూ అతని వెనకాల నిలబడ్డాడు. “అది అదే. రాత్రికి ఎక్కడ పడుకుంటావో నీ ఇష్టం. కానీ నా తెడ్డు పట్టుకుని ఒంటిగా ఓడతావా? సిగ్గులేని వెధవా! జరుగు.”

“అప్పచ్చా, మీ మోకాలు...”

“ఒకసారి విరిగిందే కదా, మళ్ళీ కొత్తగా విరిగేదేముంది?” చేతికర్ర గిర్రున తిప్పి కాయల్లోకి విసిరేశాడు. అది తేలుతూ పోతుంటే అటు చూడకుండా రెండో తెడ్డు అందుకున్నాడు. ఒడ్డుకేసి తిరిగాడు. ఊరు పదహారేళ్ళుగా మరిచిపోయిన గొంతు కాయలు మీద బాంబులా పేలింది.

“ఒరేయ్ తొమ్మీ! నీ తెడ్డు నేను పట్టుకున్నాను. వచ్చి లాక్కోవడానికి దమ్ముందా? ఒరేయ్ పుత్తన్‌తురుత్తు! దొంగ గెలుపుకి నిద్రపట్టేదేమో మీకు! నాకు పట్టదు! ఎవడొస్తాడు?”

మంచె మీద తుపాకీ మనిషి చెయ్యి నెమ్మదిగా పైకి లేచింది.

గట్టు మీద ఎవరూ కదల్లేదు. తొమ్మి కట్టుకున్న చేతులు మాత్రం విడిపోయాయి.

పాదాల కింద అమరం మళ్ళీ కిందికి దిగింది. వేలెడు.